చేపకు పట్టించిన పెరుగు

ఇది నేను మా వరాలత్తయ్యకు చేప కాల్చి పెట్టిన సంగతి. చివరికి ఎవరి ప్రాణాలకూ ఏమీ కాదు. ఆ ఒక్క ముక్కా ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మధ్యలో మీకు ఆ అనుమానం వస్తుంది. నాకైతే వచ్చింది. ముప్పై ఎనిమిది రోజులపాటు వచ్చింది. ఆ ఘనకార్యం వెలగబెట్టే నాటికి నాకు ముప్పై రెండేళ్ళు. తిరువూరులో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతున్నాను. లోకంలో నాకు తెలియని విషయం ఒక్కటీ లేదని గట్టి నమ్మకంతో బతుకుతున్నాను. ఇప్పుడు ముప్పై ఆరు. ఆ నమ్మకం పోయింది, దాంతోపాటు జుట్టు కూడా కొంత పోయింది.

వరాలత్తయ్య మా నాన్నకు అక్క. ఊరు పెనుగొలను. పిల్లల్లేరు. నా ఇంటర్ రెండేళ్ళూ వాళ్ళింట్లోనే ఉండి చదువుకున్నాను. ఆదివారం వస్తే మావయ్య చేప తెచ్చేవాడు, అత్తయ్య పులుసు పెట్టేది, తలకాయ ముక్క నాకా మావయ్యకా అని ప్రతి ఆదివారం ఒక పంచాయితీ జరిగేది. తీర్పు చెప్పేది అత్తయ్య. ఆ రెండేళ్ళలో మావయ్య ఒక్కసారి కూడా గెలవలేదు. గెలవనని తెలిసీ ప్రతివారం పోట్లాడేవాడు.

ఆ మావయ్య ఒక వానాకాలం సాయంత్రం పొలం నుంచి వచ్చి, మంచం మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి, అవి వచ్చేలోగా పోయాడు. ఆ గ్లాసు చేత్తో పట్టుకుని అత్తయ్య ఎంతసేపు నిలబడిందో నాకు ఆమె ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ తర్వాత అత్తయ్య తిండి మానేసింది. పూర్తిగా మానలేదు. పొద్దున పది గంటలకు ఇంత అన్నం వండుకుని పెరుగు కలుపుకునేది, మిగిలింది రాత్రికి మళ్ళీ పెరుగు కలుపుకునేది. కూర లేదు, పప్పు లేదు, పచ్చడి కూడా లేదు. అడిగితే నోటికి ఏదీ సయించడం లేదనేది. ఆరు నెలల్లో మనిషి సగమైంది. జాకెట్టు చేతులు వదులై, చెయ్యెత్తినప్పుడల్లా భుజం దాకా జారేవి. నేను వెళ్ళినప్పుడల్లా ఆ చేతులు చూసి, తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చునేవాణ్ణి.

అదీ సంగతి. ఆ మనిషి చేత నాలుగు ముద్దలు తినిపించాలి. నాకున్న కోరికల్లా అదొక్కటే, అది మంచి కోరికే. మంచి కోరికతో బయల్దేరినవాణ్ణి ఆపేవాళ్ళు ఉండరు. నా పతనం అక్కడే మొదలైంది.

ఆదివారం మా ఇంటికి రమ్మని, చేప చేసి పెడతానని ఫోన్ చేశాను. వద్దంది. ఎందుకత్తయ్యా అంటే, "చేప తిన్నరోజు పెరుగు ముట్టకూడదు కదరా. పెరుగు లేకపోతే నాకు ముద్ద దిగదు" అంది.

మా వైపు పెద్దవాళ్ళ నమ్మకం మీకు తెలిసే ఉంటుంది. చేపా పెరుగూ ఒకే పూట కడుపులో కలిస్తే ఒంటి మీద తెల్లమచ్చలు లేస్తాయి. బొల్లి అంటారే, అది. చేపల పులుసు తిన్న కంచంలో పెరుగు వేసుకోబోతే, పాము కనబడ్డట్టు చెయ్యి పట్టుకుని లాగేసిన అమ్మలు మా ఊళ్ళలో ఇంటికొకరు ఉన్నారు. నాకు చిన్నప్పుడు పడిన దెబ్బల్లో కనీసం రెండు ఆ ఖాతాలోవే. అయితే నేను పెద్దయ్యాక సైన్సు మాస్టార్నయ్యాను కదా. ఎనిమిదో తరగతి పిల్లలకు మూఢనమ్మకాల గురించి చెప్పేటప్పుడు మొట్టమొదటి ఉదాహరణ ఇదే. బల్ల మీద గుద్ది మరీ చెప్పేవాణ్ణి.

ఫోన్లో మాత్రం గుద్దలేదు. ఒక్క పూటకే కదా అని బతిమాలాను. నా భార్య సుజాత కూడా ఫోన్ తీసుకుని, "పెద్దమ్మగారూ, మీరు రాకపోతే ఈయన ఇంక నిద్రపోరండి, నన్నూ పోనివ్వరు" అని చెప్పింది. చివరికి ఒప్పుకుంది. ఒక్క పూటకే అని నాలుగుసార్లు అంది.

పులుసు పెట్టకూడదని నేను ముందే నిర్ణయించుకున్నాను. పులుసు వాసన తగిలితే మావయ్య గుర్తొస్తాడు, ఆమె కంచం ముందు కూర్చుని ఏడుస్తుంది. ఆమె జన్మలో తినని పద్ధతిలో చెయ్యాలి. ఫోన్లో ఒక వీడియో దొరికింది. గడ్డం పెంచుకున్న ఒకాయన ఏదో ఏటి ఒడ్డున నిలబడి, చేపను ముక్కలు కొట్టకుండా నిండుగా బొగ్గుల మీద కాలుస్తున్నాడు. పక్కన పచ్చి కూరగాయ ముక్కలు. ఆయన కొరికి కళ్ళు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. అత్తయ్య కూడా అలాగే కళ్ళు మూసుకోవడం నాకు అప్పుడే కనబడింది.

ఆదివారం పొద్దున్నే మార్కెట్టుకు వెళ్ళి రెండు రూప్‌చందు చేపలు తీసుకున్నాను, ఒక్కొక్కటి ముప్పావు కిలో. చేపలాయన పొలుసు తీసి లోపల శుభ్రం చేసి ముక్కలు కొట్టబోతుంటే ఆపాను. కొట్టొద్దు, తలా తోకా ఉండాలి, పైన గాట్లు పెట్టి ఇవ్వమన్నాను. ఎలా వండుతారు సార్ అని అడిగాడాయన. కాలుస్తానన్నాను. ఆయన నావైపు జాలిగా చూశాడు. ఆ చూపు చూసైనా నేను వెనక్కి తిరిగి ఉండాల్సింది.

ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు తెచ్చాను. ఇటుకలు పేర్చి డాబా మీద పొయ్యి కట్టాను. ఇక చేపను ఇటూ అటూ తిప్పడానికి జాలీ కావాలి. వీడియోలో ఆయనకు రెండు రేకుల జాలీ ఉంది, మధ్యలో చేపను పెట్టి మూసేస్తున్నాడు. మనకెక్కడిది? ఇల్లంతా వెతికాను. హాల్లో టేబుల్ ఫ్యాను కనబడింది. దాని ముందు జాలీ, వెనక జాలీ, రెంటినీ కలిపి బిగించే కొక్కేలు. అచ్చం అదే. దేవుడు చేపల కోసమే చేసి పొరపాటున ఫ్యానుకు తగిలించినట్టుంది. ఊడదీసి, చింతపండూ బూడిదా పెట్టి తోమి, మంట మీద ఎర్రగా కాల్చి మళ్ళీ తోమాను. సుజాత చూసింది. ఫ్యాను సంగతేంటి అని అడిగింది. రేపు బిగిస్తానన్నాను. పెళ్ళయిన ఐదేళ్ళలో నా 'రేపు' ఎంత దూరంలో ఉంటుందో ఆమెకు తెలుసు. ఒక నిట్టూర్పు విడిచి, బస్టాండు నుంచి అత్తయ్యను తీసుకురావడానికి స్కూటీ తీసింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఒక్క మాట చెప్పింది.

"పెద్దమ్మగారికి చేపతో పెరుగు పడదు. గుర్తుందిగా."

"గుర్తుంది" అన్నాను.

నిజంగానే గుర్తుంది. అందుకే పక్కన పెట్టే కూరగాయల్లో పెరుగు కలపలేదు. వీడియోలో ఆయన కలిపాడు, నేను కలపలేదు. కీరదోసకాయ ముక్కలు, ఉల్లిపాయ, రెడ్డిగూడెం తోటల నుంచి అప్పుడప్పుడే దిగుతున్న మామిడి పిందెల తురుము, కొత్తిమీర, ఉప్పు, చిటికెడు కారం, పైన నిమ్మకాయ పిండాను. చుక్క పెరుగు లేదు. నా నిజాయితీకి నాకే ముచ్చటేసింది.

కానీ చేపకు పట్టించే మసాలాలో గ్లాసెడు గట్టి పెరుగు వెయ్యాలని వీడియోలో ఉంది.

ఇక్కడ నా బుర్ర ఎలా పనిచేసిందో దయచేసి ఓపిగ్గా వినండి. పెరుగును పెరుగుగా తింటే అది పెరుగు. దాన్ని అల్లంవెల్లుల్లి, మిరియాలు, కారం, పసుపుతో కలిపి, చేపకు పట్టించి, నిప్పుల మీద పెడితే అది విరిగిపోతుంది, నీరు ఆవిరైపోతుంది, మిగిలింది మాడిపోతుంది. అప్పుడిక దాన్ని పెరుగు అనడానికి వీల్లేదు. అది ఒక పదార్థం. అత్తయ్యకు పడనిది పెరుగు. పదార్థం కాదు. ఈ వాదనను నేను మా పదో తరగతి పిల్లల ముందు పెడితే వాళ్ళు చప్పట్లు కొట్టేవారు. చేపల ముందు పెట్టాను. అవి అభ్యంతరం చెప్పలేదు. గ్లాసెడు పెరుగూ కుమ్మరించాను.

అత్తయ్య వచ్చింది. నీరసంగా మెట్లెక్కి, హాల్లో కూర్చుని, ఉక్కగా ఉందని ఫ్యాను వేయమంది. ఫ్యానుకు ముందూ వెనకా ఏమీ లేదు, రెక్కలు మాత్రం ఉన్నాయి. సుజాత దాన్ని గోడవైపు తిప్పి వేసింది. గోడ చల్లబడింది. అత్తయ్య కొంగుతో విసురుకుంటూ, వీడికి చిన్నప్పటి నుంచీ ఏదో ఒకటి ఊడదీసే జబ్బుందని సుజాతకు చెబుతోంది. నేను పైన పొగలో నిలబడి ఏడుస్తూ చేపలు తిప్పుతున్నాను. ఒక చేప తోక జాలీలోంచి జారి బొగ్గుల్లో పడి పోయింది. మరొకదానికి ఒక పక్క తోలు జాలీకే అంటుకుపోయింది. అయినా వాసన మాత్రం, ఇప్పుడు తలుచుకున్నా చెబుతున్నాను, అద్భుతంగా వచ్చింది.

తోక లేని చేపను అత్తయ్య కంచంలో పెట్టాను. పక్కన కీరదోస ముక్కలు. ఆమె చేపను అటూ ఇటూ చూసి, ఇది చేపా బొగ్గా అని అడిగింది. కొంచెం గిల్లి నోట్లో వేసుకుంది. నేనూ సుజాతా ఆమె దవడ వైపే చూస్తున్నాం.

ఆమె కళ్ళు మూసుకోలేదు. ఇంకో ముక్క గిల్లింది. తర్వాత ఇంకోటి. మామిడి తురుము చేప మీద వేసుకుని, అన్నంలో నలిపి ముద్ద చేసింది. ఆరు నెలల తర్వాత అత్తయ్య చేతిలో పెరుగు లేని ముద్ద అదే. ఒకటి, రెండు, మూడు. నాలుగో ముద్దకు సుజాత కళ్ళు తుడుచుకుంది. చేప ఒక వైపు ఎముక తేలింది. అత్తయ్య చేపను తిరగేసింది. ఆమె అలా తిరగేసి తినడం చూస్తుంటే నా గుండె నిండిపోయింది. అక్కడితో నేను లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుని ఉంటే ఈ కథ లేదు.

"ఇంత మెత్తగా ఎలా వచ్చిందిరా? కాలిస్తే గట్టిపడాలి కదా. ఏం వేశావు?" అని అడిగింది.

ఏవండీ, నేను మాస్టార్ని. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా ఉండటం నావల్ల కాదు. పైగా మంచి ప్రశ్న. ఇలాంటి ప్రశ్న అడిగే పిల్లవాడి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తాం.

"పెరుగత్తయ్యా. పెరుగులో ఉండే ఆమ్లం చేప కండను మెత్తబరుస్తుంది" అన్నాను.

చెప్పాక వినబడింది. నోరు జారడం అంటే ఏమిటో పుస్తకాల్లో చదవడం వేరు, మన నోరే జారి కంచంలో పడటం చూడటం వేరు. సుజాత నావైపు చూసింది. ఫ్యాను మాత్రం గోడను చల్లబరుస్తూనే ఉంది.

అత్తయ్య నోట్లో ముద్ద ఉంది. దాన్ని మింగాలో ఉమ్మాలో తేల్చుకోలేక కాసేపు అలాగే కూర్చుంది. అన్నం పారెయ్యడం ఆ చేతికి అలవాటు లేదు. మింగింది. కంచంలో చెయ్యి కడిగేసుకుంది. అరవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"నీకోసం నిన్న రాత్రి నుంచి పెరుగు ముట్టలేదురా నేను. రాత్రి పస్తు పడుకున్నాను" అంది.

పదార్థం, ఆవిరి, ఆమ్లం, ఏ మాటా పైకి రాలేదు. ఆమెకు మిగిలిన ఒక్క తిండిని నాకోసం ఒక పూట వదులుకుని వస్తే, నేను ఆ పెరుగునే చేపకు పూసి పెట్టాను.

సాయంత్రం బస్సుకు ఆమె బయల్దేరలేదు. మచ్చలు వస్తే నలభై రోజుల్లో వస్తాయి, ఆ మచ్చలతో పెనుగొలనులో అందరి ప్రశ్నలకూ జవాబులు చెప్పుకుంటూ తిరగలేను, ఏదైనా రానీ ఇక్కడే రానీ, చేసినవాడివి నువ్వే కాబట్టి రోజూ పొద్దున్నే నువ్వే చూడు అంది. శిక్ష వేసింది కాబట్టి నాకు కొంత ఊరట కలిగింది. సుజాత మాత్రం నాతో మూడు రోజులు మాట్లాడలేదు. గ్లాసులు మాట్లాడాయి, గిన్నెలు మాట్లాడాయి.

అసలు దెబ్బ మర్నాడు తెలిసింది. అత్తయ్య పెరుగు కూడా మానేసింది. చేప ఇంకా ఒంట్లో ఉంటుంది, దానిమీద పెరుగు పడితే ఇంకా ప్రమాదమట. పప్పు పెడితే వద్దంది, కూర పెడితే వద్దంది. మజ్జిగ అయితే గ్లాసు వంక కూడా చూడలేదు. ఆమె చేత నాలుగు ముద్దలు తినిపిస్తానని పిలిచి, తింటున్న రెండు ముద్దలూ పోగొట్టాను. మూడు రోజులు టీ నీళ్ళూ బిస్కెట్లతో గడిపింది. ఆ మూడు రోజులూ నేను క్లాసులో ఏం చెప్పానో పిల్లలకే తెలియాలి. జీర్ణవ్యవస్థ బొమ్మ వేసి, పేర్లు రాయడం మరిచిపోయి, బెల్లు కొట్టేదాకా దానివైపు చూస్తూ నిలబడ్డాను.

నాలుగో రోజు మధ్యాహ్నం సుజాత స్కూలుకు ఫోన్ చేసింది. నాతో మాట్లాడటం మానేసిన మనిషి ఫోన్ చేసిందంటే, ఎత్తే ముందు అంబులెన్సు నంబరు గుర్తుచేసుకున్నాను. అత్తయ్య దోసకాయ ముక్కలు అడిగిందట. ఆ రోజు పెట్టాడే, మామిడికాయ తురిమి, అవి ఉన్నాయా అని అడిగిందట. నేను హెడ్మాస్టారికి ఏదో చెప్పి కూరగాయల మార్కెట్టుకు పరుగెత్తాను. కీరదోస కిలో చాలు, మూడు కిలోలు తెచ్చాను. పిందెలు సంచీ నిండా తెచ్చాను. అత్తయ్య వేడి అన్నంలో ఆ ముక్కలు కలుపుకుని తింది. మర్నాడు అందులోకి కాస్త ముద్దపప్పు వేయించుకుంది. ఆ మర్నాడు, ఇందులో కారం తక్కువైంది, ఇలా కాదు తురమడం అంటూ తనే పీట వేసుకుని కూర్చుంది. వారం తిరిగేసరికి వంటింట్లో సుజాతకు చోటు లేదు.

ఇక పొద్దుటి పరీక్ష. తెల్లవారగానే అత్తయ్య వరండాలో ఎండ పడేచోట కుర్చీ వేసుకుని చేతులు చాపేది. నేను అద్దాలు పెట్టుకుని మునివేళ్ళ నుంచి మోచేతుల దాకా, మెడ, చెవుల వెనక, పాదాలు, అన్నీ చూడాలి. చూసి, "ఏమీ లేదత్తయ్యా" అనాలి. సరిగ్గా చూశావా అని ఆమె అడగాలి. చూశానని నేను ఒట్టేయాలి. పదిహేను నిమిషాల కార్యక్రమం. ఆ చేతుల మీద ఎక్కడ పుట్టుమచ్చ ఉందో, ఏ వేలు కత్తిపీట కింద తెగిందో, ఏ మరక నూనె చిట్లి పడిందో నాకు కంఠతా వచ్చింది. ఒక్కో మచ్చకూ ఆమె ఒక కథ చెప్పేది. సగం కథల్లో మావయ్య ఉండేవాడు.

పదో రోజు ఆమెను చర్మం డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. నేను చెబితే వినదు, డాక్టరు చెబితే వింటుంది కదా అని. ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు. చేపకూ పెరుగుకూ మచ్చలకూ ఏ సంబంధమూ లేదమ్మా, అవి తిండి వల్ల వచ్చేవి కావు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేవీ కావు, ధైర్యంగా ఉండండి అన్నాడు. నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. గర్వంగా అత్తయ్య వైపు చూశాను. అత్తయ్య డాక్టరు వైపు చూసింది.

"మీ ఇంట్లో తింటారా బాబూ, రెండూ కలిపి?"

ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"మా అమ్మ ఒప్పుకోదండి" అన్నాడు.

ఆ తర్వాత ఆటోలో ఇంటిదాకా అత్తయ్య డాక్టరు చీటీతో విసురుకుంటూ కూర్చుంది. ఇంక నాతో మాట్లాడాల్సిన అవసరం ఆమెకు లేదు.

అప్పుడు మొదలైంది నాకు అసలు జబ్బు. అంత చదువుకున్న డాక్టరే తినడం లేదంటే ఏదో ఉండి ఉంటుందని లోపల ఒక పురుగు తొలవడం మొదలుపెట్టింది. పైకి సైన్సు మాస్టార్ని. లోపల మాత్రం రోజూ కుర్చీ ముందు కూర్చునేసరికి ఒకసారి చూసిన వేలినే మూడుసార్లు చూసేవాణ్ణి. ఆ చేప రెండోది నేనే తిన్నానని గుర్తొచ్చి, స్నానాల గదిలో తలుపేసుకుని నా మోచేతులు కూడా చూసుకునేవాణ్ణి. ఫ్యాను జాలీ చివరికి బిగించాను గానీ, ఎంత తోమినా అది వేసినప్పుడల్లా ఇల్లంతా కాల్చిన చేప వాసన. నా పాపం నా మొహానికే విసురుతుండేది.

ముప్పై ఎనిమిదో రోజు పదో తరగతికి పొద్దున్నే స్పెషల్ క్లాసు పడింది. అత్తయ్యను చూడకుండానే పరుగెత్తి, రెండు బోర్డుల నిండా సమీకరణాలు రాసి, తొమ్మిదింటికి టిఫినుకు ఇంటికొచ్చాను. ఆమె వరండాలో కుర్చీలో కూర్చుని, ఇవాళ హాజరు ఆలస్యమైందేంటి మాస్టారూ అంది. సారీ చెప్పి, కుడి చెయ్యి పట్టుకుని చూశాను, బాగుంది. ఎడమ చెయ్యి చూశాను, బాగుంది. చివరిగా మోచెయ్యి చూద్దామని కుడి చెయ్యి మళ్ళీ పట్టుకుని వెలుగులోకి తిప్పాను.

మణికట్టు పైన తెల్లటి మచ్చ. బొటనవేలంత. పక్కన ఇంకో మూడు, చిన్నవి.

ఎండ నల్లబడిపోయింది. నేను కుర్చీ ముందు నేల మీద కూలబడ్డాను. ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఏడ్చాను. ముప్పై రెండేళ్ళ మనిషిని, ఇద్దరు కాన్వెంటు పిల్లలు గేటు బయట నిలబడి చూస్తుండగా, గొంతెత్తి ఏడ్చాను. తప్పయిపోయిందత్తయ్యా, నీ చేత తినిపిద్దామనుకున్నానే గానీ, నీకు ఏదో చేసెయ్యాలని కాదు, నన్ను క్షమించు అన్నాను. ఇంకా చాలా అన్నాను. సైన్సు మాస్టారన్నవాడు అనకూడనివన్నీ అన్నాను. ఫలానా దేవుడికి తలనీలాలు ఇస్తానని కూడా మొక్కినట్టు సుజాత చెబుతుంది, నాకు గుర్తులేదు.

సుజాత వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. చెయ్యి చూసింది. నా వేళ్ళు చూసింది. చీర కొంగు తడిపి ఆ మచ్చల మీద ఒక్కసారి తుడిచింది. పోయాయి.

సుద్ద. నా వేళ్ళకున్న సుద్ద. నేను పట్టుకున్నచోట బొటనవేలూ మూడు వేళ్ళూ చక్కగా అచ్చు పడ్డాయి.

సుజాత గోడకు చేరగిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నేను నేల మీదే ఉన్నాను, లేవడానికి మొహం చెల్లలేదు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. నా నెత్తి మీద చెయ్యి వేసింది.

"మీ మావయ్య చేపల పులుసు తిన్నాక పెరుగన్నం తినకుండా ఏనాడూ లేవలేదురా. నువ్వున్న రెండేళ్ళూ మాత్రం నువ్వు లేచి వెళ్ళాక కలుపుకునేవాడు. ముప్పై ఏళ్ళు పోట్లాడాను. వినలేదు. చుక్క మచ్చ కూడా రాలేదు ఆయనకి" అంది.

నేను తలెత్తి చూశాను. ఇది తెలిసీ మరి ఇన్నాళ్ళూ ఎందుకని అడిగాను.

"మొదటి నాలుగు రోజులు నిజంగానే భయపడ్డాను. తర్వాత ఆయన సంగతి గుర్తొచ్చింది, భయం పోయింది. పోయిందని చెబితే నువ్వు చూడటం మానేస్తావు కదా. అక్కడ నా చేతులు రోజూ ఎవరు చూస్తార్రా?"

సుజాత నవ్వడం ఆపేసింది. నేను ఆ చెయ్యి వదల్లేదు. అప్పుడే గమనించాను, జాకెట్టు చెయ్యి భుజానికి జారడం లేదు. కాస్త బిగుతుగా కూడా ఉంది.

ఆ వచ్చిన ఆదివారం మళ్ళీ చేప కాల్చమంది. అదే రకం, అదే జాలీ. పెరుగు కూడా వెయ్యమంది, పోయినసారి కంటే కొంచెం ఎక్కువే వెయ్యమంది, మామిడి తురుము మాత్రం తనే చేసింది. చేప మొత్తం తిరగేసి తింది. ఆఖర్న ఇంత అన్నం పెట్టించుకుని, పెరుగు గిన్నె దగ్గరకు లాక్కుని, నిండుగా వేసుకుని కలిపింది. ఆయన ఇలాగే తినేవాడు అంది. కళ్ళు తడిసినా ముద్ద ఆపలేదు. తర్వాత ఆ గిన్నె నావైపు తోసింది.

నేను వద్దన్నాను.

ఉగాది వెళ్ళాక ఆమె పెనుగొలను వెళ్ళిపోయింది. రెండు వారాలకోసారి ఆదివారం బస్సులో దిగుతుంది, వరండాలో కుర్చీ వేసుకుని చేతులు చాపుతుంది, నేను చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి చూస్తాను. నాలుగేళ్ళుగా ఒక్క ఆదివారం తప్పలేదు.

ఇక నా ప్రతిజ్ఞ. మోచేతులు రెండూ ముందుకు చాపి, సూర్యుడి సాక్షిగా చేస్తున్నాను. చేప తిన్నరోజు ఈ జన్మలో పెరుగు ముట్టను, ముట్టిన చేత్తో చేపను తాకను, అది ఎంత మాడి పదార్థమైపోయినా సరే. ఎనిమిదో తరగతిలో ఆ పాఠం ఇప్పటికీ చెబుతాను, బల్ల మాత్రం గుద్దను. మొన్న ఒక కుర్రాడు లేచి, మీ ఇంట్లో తింటారా సార్ అని అడిగాడు. మా అత్తయ్య ఒప్పుకోదురా అని చెప్పి కూర్చోబెట్టాను. అది అబద్ధం. అత్తయ్య ఎప్పుడో ఒప్పుకుంది.